నిలువూ అడ్డమూ కలవరాదు

తాటిమెట్ట ఉపగ్రహ భూకేంద్రానికి కొత్త డైరెక్టరుగా వచ్చిన ప్రభంజనరావుగారు అంతకుముందు జైళ్ళ శాఖలో పనిచేశారు. ఎవరు ఎవరితో కలవకూడదో చూసుకోవడమే అక్కడ ఆయన పని. శిక్ష పడినవాళ్ళు విచారణలో ఉన్నవాళ్ళతో కలవకూడదు. జేబుదొంగలు ఖూనీకోరులతో కలవకూడదు. వంటవాళ్ళు ఎవరితోనూ కలవకూడదు. ఇంత ప్రత్యేకమైన నైపుణ్యం ఉన్న మనిషిని ఆకాశంలోకి టీవీ కార్యక్రమాలు పంపే చోటికి ఎందుకు వేశారో అసిస్టెంట్ ఇంజనీరు ముక్కామల సువర్చలకు అర్థం కాలేదు. వేసినవాళ్ళకి కూడా అర్థమై ఉండదులే అని సరిపెట్టుకుంది.

రంగుల టీవీలు ఊళ్ళలోకి వచ్చి, డిజిటల్ అన్న మాట ఇంకా రాని రోజులవి. కేంద్రంలో ఉన్న పెద్ద డిష్షు ఒక్కటే. దాని మీదుగా రెండు ఛానళ్ళు పైకి వెళ్ళేవి. ఒకటి సేద్యవాణి. ఎరువులు, పురుగుమందులు, సాయంత్రం పూట వాతావరణం అందులో వచ్చేవి. రెండోది హరివాణి. భజనలు, హరికథలు, దేవుళ్ళ కల్యాణాలు అందులో వచ్చేవి. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పోతాయి కాబట్టి, ఒకదాన్నొకటి రాసుకోకుండా సేద్యవాణి తరంగాలను నిలువుగానూ, హరివాణి తరంగాలను అడ్డంగానూ ఊగేటట్టు పంపేవారు. నిలువుది నిలువుగా, అడ్డంది అడ్డంగా ఉన్నంతకాలం ఏ పేచీ లేదు.

వేసవి చివర కొట్టిన గాలివానతో పేచీ మొదలైంది. సేద్యవాణిలో కొబ్బరి తెగులు గురించి శాస్త్రవేత్త మాట్లాడుతుంటే ఆయన వెనక మసకమసగ్గా ఒక హరిదాసు గజ్జెలు కట్టుకుని గంతులేశాడు. హరివాణిలో అమ్మవారి కల్యాణం జరుగుతుండగా, సరిగ్గా తలంబ్రాలు పోసే వేళకి “ఎకరానికి రెండు బస్తాలు చల్లుకోవాలి” అని ఎవరో గంభీరంగా చెప్పారు.

సువర్చల డిష్షు చుట్టూ ఒకసారి తిరిగి చూసి కారణం కనిపెట్టింది. పరాబొలా ఆకారంలో ఉన్న ఆ పెద్ద గిన్నెకి ఏమీ కాలేదు. గిన్నె ముందు కాళ్ళ మీద నిలబెట్టిన గరాటు లాంటి భాగం, ఫీడ్ హారన్ అంటారు దాన్ని, అదే గాలికి కాస్త మెలి తిరిగింది. అయితే ప్రసారం నడుస్తుండగా దాని మీద చెయ్యి వెయ్యాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. ఆమె వెళ్ళి అడిగింది.

“సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమ్మా. రెండో వాక్యం ఉందంటే అది నా స్థాయి సమస్య కాదు” అన్నారు ప్రభంజనరావుగారు.

“అడ్డధ్రువణం సార్. నిలువుది వెళ్ళి అడ్డందాంట్లో కలుస్తోంది, అడ్డంది వచ్చి నిలువుదాంట్లో కలుస్తోంది, కలవకుండా చెయ్యాలి.”

ప్రభంజనరావుగారి కళ్ళు మెరిశాయి. ఈ కేంద్రంలో చేరాక ఆయనకి తెలిసిన విషయం ఎదురవడం ఇదే మొదటిసారి.

“ఎవరు కలుపుతున్నారు?”

“ఎవరూ కలపడం లేదు సార్. గాలివానకి ఫీడ్ హారన్ పక్కకి తిరిగింది.”

“మోగడం లేదా?”

“అది మోగే హారన్ కాదు సార్. డిష్షు ముందు గరాటులా ఉంటుందే, అది. మన టెక్నీషియన్ బుల్లబ్బాయిగారు నిచ్చెనెక్కి తిప్పుతుంటే నేను కంట్రోలు రూములో తెర చూస్తూ ఎక్కడ ఆపాలో చెబుతాను. ఒక్క పూట పని.”

“ఒక్క పూట పనికి డైరెక్టరు దేనికమ్మా? నువ్వు పైపైన చూస్తున్నావు. నేను మూలంలోకి వెళ్తున్నాను. నిలువు తరంగాలు పంపేదెవరు? మనుషులు. అడ్డం తరంగాలు పంపేదెవరు? మనుషులే. ఆ మనుషులు ఇప్పుడేం చేస్తున్నారో అలా కిటికీలోంచి చూడు.”

సువర్చల చూసింది. రెండు ఛానళ్ళవాళ్ళూ కాంటీను ముందు నిలబడి ఉన్నారు.

“టీ తాగుతున్నారు సార్.”

“కలిసి! కలిసి తాగుతున్నారమ్మా!” అని ప్రభంజనరావుగారు బల్ల మీద గుద్దారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పడింది. “భూకేంద్రమునందలి యావత్తు సిబ్బందిని నిలువు సిబ్బంది, అడ్డ సిబ్బంది అను రెండు వర్గములుగా విభజించడమైనది. సదరు వర్గముల మధ్య మాట, చూపు, ఫలహారము, చిరునవ్వు వగైరా ఏ రూపముననూ సమ్మిశ్రణము జరుగరాదు. ఉల్లంఘించిన వారిని అడ్డధ్రువణకారకులుగా పరిగణించి తగు చర్య గైకొనబడును. డైరెక్టరు ధ్రువణాతీతులు.”

సువర్చల బల్ల సేద్యవాణి వైపు ఉంది కాబట్టి ఆమె నిలువు అయింది. డిష్షు పనులు చూసే టెక్నీషియన్ బుల్లబ్బాయి అడ్డంలో పడ్డాడు. ఆయన నొచ్చుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళాడు.

“పెళ్ళి కాకముందు నుంచీ నిచ్చెనలెక్కుతున్నానండీ. ఎక్కేవోణ్ణి నిలువు అనాలి గానీ అడ్డం అంటారేటండీ?”

“నిచ్చెన మెట్లు ఎలా ఉంటాయయ్యా?”

“అడ్డంగా ఉంటాయండి.”

“మరి!” అన్నారు ప్రభంజనరావుగారు.

ధ్రువణం అన్నాక ధ్రువీకరణ ఉండాలి గదా అని డైరెక్టరుగారికి తోచింది. అందరూ మండలాఫీసు నుంచి ధ్రువణ ధ్రువీకరణ పత్రం తేవాలన్నారు. మండలాఫీసువాళ్ళకి ఆ కాగితమేమిటో తెలియదు గానీ, తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. ఒక మనిషిని పంపారు. ఆయన ఒక్కొక్కరినీ గోడకి నిలబెట్టి, తాపీమేస్త్రీ తాడుకి గుండు కట్టి గోడ వాటం చూసినట్టు చూసి, ఫలానావారు నిలువని, ఫలానావారు అడ్డమని రాసిచ్చాడు.

అక్కడ చిన్న గొడవ జరిగింది. లెక్కల సూపరింటెండెంటు శఠగోపాచార్యులుగారు నుదుటి మీద నిండా నిలువు నామాలు పెట్టుకుంటారు. ఆయన్ని అడ్డం అని రాశారు. స్టోరుకీపరు వీరభద్రయ్యగారు నుదుటికి అడ్డంగా విభూతి రేఖలు దిద్దుకుంటారు. ఆయన నిలువు అయ్యారు.

“నా మొహం చూసి చెప్పండి సార్, నేను అడ్డమా?” అని ఆచార్యులుగారు డైరెక్టరు ముందు నుదురు వంచారు. ప్రభంజనరావుగారు కళ్ళజోడు సవరించుకుని పరిశీలించి, దృశ్య సాక్ష్యం బలంగా ఉందని ఒప్పుకుని, ఇద్దరినీ ఒకరి స్థానంలోకి ఒకర్ని మార్చారు. ఆ సంతోషంలో ఆచార్యులుగారూ వీరభద్రయ్యగారూ చేతులు కలుపుకున్నారు. వర్గాంతర కరచాలనం చేసినందుకు ఇద్దరికీ అక్కడికక్కడే మెమోలు అందాయి.

ఇక కాంటీను. నిలువువాళ్ళు నిలబడి తినాలి, అడ్డంవాళ్ళు బాసింపట్టు వేసుకుని తినాలి. పెసరట్టు పెనం మీద అడ్డంగా పరుచుకుంటుంది కాబట్టి అడ్డంవాళ్ళకి. ఉప్మా పళ్ళెంలో కుప్పగా లేచి ఉంటుంది కాబట్టి నిలువువాళ్ళకి. పెసరట్టులో ఉప్మా పెట్టి ఇవ్వడం పరమ అడ్డధ్రువణమని పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించారు. ఆ రాత చదివిన వంటాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఈ గోదారి జిల్లాలో ఇలాంటి రాత చదివే రోజొస్తుందనుకోలేదని కళ్ళొత్తుకున్నాడు.

మేడమెట్లు నిలువువాళ్ళవి, వరండాలు అడ్డంవాళ్ళవి అయ్యాయి. దాంతో నిలువువాళ్ళు మెట్లెక్కి పైకి చేరేవారు గానీ, గదులన్నీ వరండాలోకే తెరుచుకుంటాయి కనక ఏ గదిలోకీ పోలేక మళ్ళీ దిగేవారు. అడ్డంవాళ్ళు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవారు గానీ కిందికి దిగే దారి లేదు. సువర్చల కంట్రోలు రూములోకి కిటికీ గుండా దిగడం నేర్చుకుంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిటికీ ఎక్కడం మొదట్లో సిగ్గనిపించింది. నాలుగు రోజులకి శఠగోపాచార్యులుగారు కూడా అదే కిటికీ దగ్గర తన వంతు కోసం నిలబడి ఉండడం చూశాక సిగ్గు పోయింది.

డ్యూటీలో నిలువువాళ్ళు నడుం వాల్చరాదనీ, అడ్డంవాళ్ళు వాల్చవచ్చుననీ వివరణ వచ్చిన రోజున మాత్రం కేంద్రం దద్దరిల్లింది. నిలువువాళ్ళలో సగం మంది తాము పుట్టుకతోనే అడ్డమని విన్నపాలు పెట్టుకున్నారు.

ఇంత జరిగినా హరిదాసు మాత్రం కొబ్బరి తెగులు వెనక గంతులేస్తూనే ఉన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం, సముద్రపొడ్డు పల్లె నుంచి చేపలు తెచ్చి అమ్మే పెమ్మాడి సత్తెమ్మ గంప దించకుండానే కంట్రోలు రూము కిటికీ ముందుకొచ్చి నిలబడింది.

“ఏమ్మా ఇంజినీరమ్మా, మీ టీవీలో సముద్రంలోకి ఎల్లమన్నారా, ఎల్లొద్దన్నారా? తిన్నగా సెప్పు.”

“వేటకు వెళ్ళరాదు అన్నారు సత్తెమ్మా. నిన్న సాయంత్రమే చెప్పారు.”

“మాకు ‘ఎల్లరా’ దాకానే ఇనపడింది. ఆ పైన తాళాలు మోగినియ్యి. ‘ఎల్లరా, ఎల్లరా, సామి దరికే’ అంటా హరిదాసు పాడతన్నాడు. గవర్మెంటోరే పాట కట్టి మరీ పిలుత్తన్నారని మావోళ్ళు పడవలు తోసేసేరు.”

“అయ్యో! ఏమైంది?”

“ఏవవుద్ది! వలలు కొట్టుకుపోయినియ్యి. మా ఆయన పడవ తిరగబడితే చెక్క పట్టుకుని ఈదుకుంటా వచ్చేడు. వచ్చి, తడిబట్టలతో టీవీ ముందు కూకుని ఆ హరిదాసుని తిడతా ఉన్నాడు. ఈసారికి ఒడ్డున పడ్డాడమ్మా. మళ్ళీసారో?”

నవ్వు రావలసిన చోట సువర్చలకు రాలేదు. సత్తెమ్మ వెళ్ళాక ఆమె తిన్నగా డైరెక్టరు గది కిటికీ ఎక్కింది.

“సార్, ఆ హారన్ తిప్పనివ్వండి. మనుషులు పోతారు.”

“హారన్ ఏ వర్గానిదమ్మా?”

“రెండు ఛానళ్ళూ దాంట్లోంచే పోతాయి సార్.”

“రెండూనా?” ప్రభంజనరావుగారు కుర్చీలోంచి లేచారు. “నా ముక్కు కిందే ఇంత పని జరుగుతోందా! అంటే అసలు దోషి అదేనన్నమాట!”

సాయంత్రానికల్లా హారన్‌కి మెమో జారీ అయింది. బుల్లబ్బాయి నిచ్చెనెక్కి దాన్ని హారన్‌కి దారంతో కట్టి వచ్చాడు. సంజాయిషీ రాకపోయేసరికి రెండో మెమో కట్టించారు.

ఆ మరుసటి వారం బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. అది తీరం వైపే వస్తోందన్న వార్త మధ్యాహ్నం సేద్యవాణికి చేరింది. సాయంత్రం బులెటిన్‌లో చదవాలి. ఆ సాయంత్రమే హరివాణిలో హరికథ కూడా ఉంది. సత్తెమ్మ పల్లెలో మగవాళ్ళు చీకటి పడే వేళకి పడవలు తోస్తారని సువర్చలకి తెలుసు. బతిమాలితే ఈ మనిషి కరగడు. వాదిస్తే ఇంకో ఉత్తర్వు పుట్టిస్తాడు. కిటికీ దగ్గర కాసేపు నిలబడి ఆలోచించి, ఆయన భాషలోనే వెళ్ళాలని నిశ్చయించుకుంది.

“సార్, అత్యున్నత స్థాయి సమన్వయం అవసరమైన అంశం ఒకటి తమ దృష్టికి తేవడమైనది” అంది.

ప్రభంజనరావుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “చెప్పమ్మా.”

“హారన్‌ని సరిదిద్దాలంటే నిలువు సిబ్బంది తెర చూసి చెప్పాలి, అడ్డ సిబ్బంది తిప్పాలి. కాని నిలువు మాట అడ్డం చెవిన పడరాదు. కావున సదరు మాట ధ్రువణాతీతులైన ఒక ఉన్నతాధికారి ద్వారా మాత్రమే చేరవలసి ఉన్నది. అట్టివారు ఈ కేంద్రంలో ఒక్కరే ఉన్నారు.”

“ఎవరు?” అన్నారాయన. అని, ఎవరో గుర్తొచ్చి, లేచి కోటు తొడుక్కున్నారు.

అలా ప్రభంజనరావుగారు చేతిమైకు పట్టుకుని ఆవరణ మధ్యలో నిలబడ్డారు. ఆయనకి ఒక పక్కన కంట్రోలు రూము కిటికీలో సువర్చల. ఇంకో పక్కన నిచ్చెన చివర, హారన్‌ని కావలించుకుని బుల్లబ్బాయి. గాలి అప్పటికే లేచింది. తాటిచెట్లు ఊగుతున్నాయి. కంట్రోలు రూము లౌడుస్పీకరులో ఎరువుల ధరలూ హరికథా కలగలిసి వినిపిస్తున్నాయి.

“కాస్త కుడికి!” అంది సువర్చల.

బుల్లబ్బాయికి స్పష్టంగా వినబడింది. అయినా కదల్లేదు. నేను ఇన్నట్టు లెక్క కాదు గదండీ అన్నట్టు డైరెక్టరు వైపు చూశాడు.

ప్రభంజనరావుగారు గొంతు సవరించుకున్నారు. “అడ్డ సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, హారన్ అను పరికరమును స్వల్ప పరిమాణమున దక్షిణ దిశగా...”

“దక్షిణం కాదు సార్, కుడి!”

“సవరణ! పై ఆదేశమునందు దక్షిణ అను పదమునకు బదులుగా కుడి అని చదువుకొనవలెను. సదరు దిశగా పరిభ్రమింపజేయవలసిందిగా ఇందుమూలముగా...”

వాక్యం పూర్తయ్యేదాకా ఆగి బుల్లబ్బాయి తిప్పాడు. తెర మీద హరిదాసు పలచబడ్డాడు.

“బాగుంది, బాగుంది, ఇంకొంచెం... ఆపండి! ఎక్కువైంది!”

“తిప్పు కార్యక్రమమును తక్షణమే నిలుపుదల చేయవలసిందిగా...” అని ప్రభంజనరావుగారు మొదలుపెట్టి ముగించేలోపు బుల్లబ్బాయి తిప్పుకుంటూ పోయాడు. ఆపమన్న మాట అధికారికంగా అందలేదు మరి. హరిదాసు అటు నుంచి మళ్ళీ లావుగా తయారయ్యాడు.

“వెనక్కి సార్, వెనక్కి!”

“పూర్వపు ఉత్తర్వులను పాక్షికముగా ఉపసంహరించుకొనుచూ...”

ఇలా కుడికీ ఎడమకీ ఊగులాడింది. గాలి పెరిగింది. మెమోలు రెండూ తెగి ఎగిరిపోయాయి. నిచ్చెన కదులుతోంది. “అయ్యగారండీ, పొట్టిగా సెప్పండి, పడిపోతానండీ!” అని బుల్లబ్బాయి పైనుంచి కేక పెట్టాడు. లౌడుస్పీకరులో బులెటిన్ మొదలయ్యే సంగీతం వినిపించింది.

“సార్!” అంది సువర్చల. కిటికీలోంచి సగం బయటికి వంగింది. “కొంచెం కుడికి!”

ప్రభంజనరావుగారు ఆమె వైపు చూశారు. ఊగుతున్న నిచ్చెన వైపు చూశారు. చేతిమైకు కింద పడేశారు. “కుడికి తిప్పవయ్యా! తిప్పు! ఇంకొంచెం! ఇంకొం... ఆపు! ఆపవయ్యా బాబూ, బిగించెయ్!”

గజ్జెల చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆవరణ అంతా ఒక్కటే గొంతు వినిపించింది. తుఫాను తీరం వైపు వస్తోంది. జాలర్లు ఎవరూ వేటకు వెళ్ళరాదు. వెళ్ళరాదు అన్న మాట చివరి అక్షరం దాకా వినబడింది.

ప్రభంజనరావుగారు నోరు తెరిచి అలాగే నిలబడ్డారు. ఆయన మొహంలో చిన్నపిల్లలకుండే సంతోషం లాంటిది ఏదో మెరిసింది. “పోయాడమ్మా! హరిదాసు పోయాడు!” అని అరిచారు. ఆ ఒక్క నిమిషం సువర్చలకి ఆయన మీద నిజంగా ఇష్టం కలిగింది.

తుఫాను వచ్చింది, తాటిచెట్లు విరిచింది, వెళ్ళింది. పల్లెలో పడవలన్నీ ఒడ్డు మీద బోర్లా పడుకుని ఉన్నాయి. సత్తెమ్మ పెద్ద పండుగప్ప చేప తెచ్చి సువర్చల బల్ల మీద పెట్టింది. “మా ఆయన ఇంట్లోనే కూకుని నా పేణం తీసేత్తన్నాడమ్మా” అని మురిసిపోతూ చెప్పింది.

ప్రభంజనరావుగారి సంతోషం మాత్రం ఆ నిమిషంతో ఆగలేదు. సిబ్బందిని విడదీసినందువల్లే అడ్డధ్రువణం అంతరించిందని ఆయన పైకి నివేదిక పంపారు. పైవాళ్ళు మెచ్చుకుని ఒక షీల్డు ఇచ్చారు. షీల్డు పుచ్చుకోవాలంటే ఆయన కూడా ధ్రువణ ధ్రువీకరణ పత్రం దాఖలు చెయ్యాలన్నారు. తాను పైపైకి ఎదుగుతున్న అధికారి గనక ఆయన నిలువు అని రాయించుకున్నారు. ఇకమీదట ఎవరికీ, ఎంతటివారికీ మినహాయింపు ఉండరాదనీ, రెండు వర్గాలూ ఒకచోట కూర్చుని సంతకాలు చేస్తే తప్ప ఈ సవరణ రద్దు కారాదనీ ఉత్తర్వుని స్వయంగా సవరించారు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన సువర్చలను పిలిపించారు. మొహం వాడిపోయి ఉంది.

“మంత్రిగారి దగ్గర్నుంచి ఫోనమ్మా. వాళ్ళ అత్తగారు లేవలేని మనిషి. ఇన్నాళ్ళూ సేద్యవాణి పెట్టుకుంటే హరికథ కూడా దాంట్లోనే వచ్చేదిట. మీట తిప్పే శ్రమ ఉండేది కాదు. ఇప్పుడు రావడం లేదని ఆవిడ అన్నం మానేశారుట. ప్రజాభీష్టం కాబట్టి పూర్వపు సమ్మిశ్రణాన్ని వెంటనే పునరుద్ధరించమన్నారు. ఆ హారన్‌ని మళ్ళీ వెనక్కి తిప్పించెయ్యి.”

సువర్చలకి సత్తెమ్మ మొగుడు కళ్ళ ముందు మెదిలాడు. మాట మాత్రం చాలా వినయంగా వచ్చింది.

“అలాగే సార్. తిప్పవలసింది బుల్లబ్బాయిగారు. ఆయన అడ్డం. నేను చెప్పకూడదు.”

“నేను చెబుతాను.”

“మీరు ఇప్పుడు నిలువు కదా సార్.”

ప్రభంజనరావుగారు బల్ల మీది షీల్డు వైపు చూశారు.

“ధ్రువణాతీతులు ఎవరూ లేరా?”

“తమరు సవరించారు సార్. ఎంతటివారికీ మినహాయింపు లేదని.”

“సవరణని రద్దు చేస్తే?”

“రద్దుకి రెండు వర్గాలూ ఒకచోట కూర్చుని సంతకాలు చెయ్యాలి సార్. కూర్చుంటే సమ్మిశ్రణం అవుతుంది.”

ఆయన ఉత్తర్వు ప్రతి తెప్పించుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరికి చదివారు. చివరి నుంచి మొదటికి చదివారు. వేలు పెట్టి ఒక్కో పంక్తీ తడిమారు. నెమ్మదిగా వాడిపోయిన ఆయన మొహంలోకి కాంతి రావడం మొదలైంది. కాగితాన్ని గుండెలకి ఆనించుకుని తలెత్తారు.

“ఒక్క సందు కూడా వదల్లేదమ్మా నేను!” అన్నారు గద్గద స్వరంతో. “నాకే దారి లేకుండా రాశాను చూశావా! ఇంక మంత్రిగారు మాత్రం ఏం చేస్తారు?”